ఆంగ్ల సాహిత్యం – డిజిటల్ యుగం: విజయనగర సంప్రదాయం నేర్పే పాఠం

సాహిత్యం మానవ హృదయంలో జనిస్తుంది. కాని ఒక హృదయం నుండి మరొక హృదయానికి చేరడానికి దానికి ఒక వాహనం కావాలి. పూర్వం ఆ వాహనం కంఠం, పిమ్మట తాటియాకు, ఆపైన కాగితం, అచ్చుయంత్రం. నేడు వాటి సరసన కంప్యూటరు, చేతిలో ఇమిడే ఫోను వచ్చి నిలిచాయి. వాహనం మారినప్పుడు అందులో ప్రయాణించే వస్తువు కూడా కొంత మారక తప్పదు. ఆంగ్ల సాహిత్యంలో ఈ మార్పు ఏయే విధాలుగా జరుగుతున్నదో, శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలలో ఆ సాహిత్యాన్ని అభ్యసించే విద్యార్థికి దానివలన ఏమి సమకూరుతున్నదో, ఏమి చేజారే ప్రమాదం ఉన్నదో పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మన ప్రాంతంలో ఆంగ్ల సాహిత్యం

ఆంగ్ల సాహిత్యం మన ప్రాంతానికి కొత్తది కాదు. విజయనగరంలో 1857లో పాఠశాలగా ఆరంభమైన మహారాజా విద్యాసంస్థ 1879లో కళాశాల అయినది. అక్కడ చదివి, అక్కడనే అధ్యాపకుడైన గురజాడ అప్పారావు తొలి రచనలు ఆంగ్లంలోనే సాగాయి. ఆయన ఆంగ్లంలో రచించిన ‘సారంగధర’ కావ్యం 1883లో విజయనగరం నుండి వెలువడే ‘ఇండియన్ లీజర్ అవర్’ పత్రికలో అచ్చయినది. కలకత్తాలోని ‘రీస్ అండ్ రయ్యత్’ సంపాదకుడు శంభుచంద్ర ముఖర్జీ దానిని మెచ్చి తన పత్రికలో పునర్ముద్రించి, స్వభాషలో రచన చేయవలసిందిగా ఆ యువకవిని ప్రోత్సహించాడు. ఆంగ్లం చదివి, ఆంగ్లంలో వ్రాసి, ఆ వెలుగులో తన భాషను కొత్త కళ్లతో చూడగలిగినవాడు గనుకనే ఆయన ‘కన్యాశుల్కం’ వంటి నాటకాన్ని తెలుగువారికి ఇవ్వగలిగాడు.

శ్రీకాకుళం సమీపంలోని పర్వతాలపేటలో 1863లో జన్మించిన గిడుగు రామమూర్తి ఆంగ్ల విద్య వలన అలవడిన శాస్త్రదృష్టిని తెలుగు వాడుక భాషకూ, కొండలలోని సవర భాషకూ వినియోగించాడు. ఆయన సిద్ధపరచిన సవర వ్యాకరణం 1931లో, సవర–ఆంగ్ల నిఘంటువు 1938లో వెలువడ్డాయి.

ఇక ఆదిభట్ల నారాయణదాసును గూర్చి మన కళాశాల విద్యార్థులు ప్రత్యేకించి తెలుసుకోవాలి. హరికథా పితామహుడుగా లోకం ఎరిగిన ఆ మహనీయుడు 1922లో ‘నవరస తరంగిణి’లో షేక్స్‌పియర్, కాళిదాసుల రచనలను నవరసాల దృష్టితో పక్కపక్కన నిలిపి చూపాడు. పారసీ భాష నేర్చి, ఉమర్ ఖయ్యాం రుబాయీల మూలాన్ని, ఫిట్జెరాల్డ్ చేసిన ఆంగ్లానువాదాన్ని సంస్కృతంలోకి, అచ్చ తెలుగులోకి తెచ్చి 1932లో ప్రకటించాడు. మూలానికి, అనువాదానికి ఎంత దూరమున్నదో పాఠకుడే స్వయంగా తెలుసుకోగల ఏర్పాటు అది. పిఠాపురానికి చెందిన ఉమర్ ఆలీషా కవి, ‘పానశాల’ కర్త దువ్వూరి రామిరెడ్డి కూడా ఖయ్యాంను తెలుగులోకి తెచ్చినవారే. పారసీ, ఆంగ్లం, సంస్కృతం, తెలుగు ఒకే పండితుని బల్లమీద కలిసిన ఊరు విజయనగరం. ఉర్దూ, తెలుగు విద్యార్థులు కలిసి చదువుకొనే మనవంటి కళాశాలకు ఇంతకు మించిన పూర్వరంగం మరొకటి ఉండబోదు.

గ్రంథ లభ్యత

ఆ పెద్దల కాలంలో ఆంగ్ల గ్రంథం దుర్లభం. అది ఎక్కువగా ఓడ మీద రావాలి. వెల చెల్లించగలవాడు కొనాలి. లేదా సంస్థానం, కళాశాల కొని ఉంచాలి. నేడు ఆ అవరోధం చాలవరకు తొలగిపోయినది. 1971 జూలై 4న అమెరికాలోని ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో మైకేల్ హార్ట్ అనే విద్యార్థి అమెరికా స్వాతంత్ర్య ప్రకటనను కంప్యూటరులోకి ఎక్కించాడు. అదే ‘ప్రాజెక్ట్ గూటెన్‌బర్గ్’కు నాంది. నేడు అందులో డెబ్బది వేలకు పైగా గ్రంథాలు ఉచితంగా లభిస్తున్నాయి. 1996లో ఆరంభమైన ‘ఇంటర్నెట్ ఆర్కైవ్’ మరొక మహాభాండారం.

ఈ ఉద్యమంలో ఒక తెలుగువాని పాత్ర గణనీయమైనది. చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో జన్మించి, 1994లో కంప్యూటరు శాస్త్రంలో అత్యున్నతమైన ట్యూరింగ్ పురస్కారం పొందిన రాజ్ రెడ్డి, పది లక్షల గ్రంథాలను డిజిటల్ రూపంలోకి మార్చే బృహత్ ప్రణాళికకు ప్రధాన ప్రేరకుడు. దాని భారతీయ శాఖ ‘డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా’. బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ, హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీ మొదలగు సంస్థలు అందులో పనిచేశాయి. 2007 నాటికి లక్ష్యమైన పది లక్షల సంఖ్య దాటిపోయినది. ఆ భారతీయ గ్రంథాలయపు తొలి వెబ్‌సైటు తరువాతి కాలంలో మూతపడినా, అందులోని గ్రంథాలలో అనేకం నేడు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో దొరుకుతున్నాయి. ఖరగ్‌పూర్ ఐఐటీ నిర్వహించే జాతీయ డిజిటల్ గ్రంథాలయం 2018లో జాతికి అంకితమైనది.

ఏ గ్రంథం ఉచితంగా లభించవచ్చునో నిర్ణయించేది చట్టం. మన దేశంలో రచయిత మరణించిన మరుసటి సంవత్సరం మొదలు 60 ఏళ్ల వరకు ఆ రచనపై హక్కు అతని వారసులకు ఉంటుంది. 1915లో కీర్తిశేషుడైన గురజాడ, 1940లో గతించిన గిడుగు, 1945లో కన్నుమూసిన నారాయణదాసు – ఈ ముగ్గురి రచనలు నేడు ప్రజలందరి సొత్తు.

ఏ పాఠం ప్రమాణం?

గ్రంథం లభించినంత మాత్రాన సమస్య తీరదు. లభించినది ఏ పాఠమన్న ప్రశ్న అప్పుడే పుడుతుంది. షేక్స్‌పియర్ ‘కింగ్ లియర్’ 1608లో చిన్న పుస్తకంగా అచ్చయినది. 1623లో, కవి మరణానంతరం వెలువడిన సంపుటంలో మరల అచ్చయినది. మొదటి ప్రతిలో ఉన్న సుమారు మూడు వందల పంక్తులు రెండవదానిలో లేవు. రెండవదానిలో ఉన్న సుమారు నూరు పంక్తులు మొదటిదానిలో లేవు. పూర్వం ఈ భేదాన్ని స్వయంగా పరిశీలించే భాగ్యం లండన్, ఆక్స్‌ఫర్డ్ వంటి చోట్ల ఉన్న పండితులదే. 2004లో బ్రిటిష్ లైబ్రరీ తన వద్దనున్న షేక్స్‌పియర్ తొలి ప్రతుల ఛాయాచిత్రాలను అంతర్జాలంలో ఉంచిన తరువాత పలాసలోని విద్యార్థి సైతం ఆ పుటలను చూడగల అవకాశం కలిగినది.

మరొక ఉదాహరణ ఫిట్జెరాల్డ్. ఆయన 1859లో ప్రకటించిన ఖయ్యాం అనువాదంలో 75 పద్యాలున్నాయి. 1868 నాటి రెండవ కూర్పులో అవి 110 అయినాయి. 1872 నాటి మూడవ కూర్పులో 101కి తగ్గాయి. ఒకే పద్యం కూర్పు కూర్పుకూ మారినది. ఈ కూర్పులన్నిటినీ తెరమీద పక్కపక్కన ఉంచి, వాటి కెదురుగా పారసీ మూలాన్ని పెట్టి చదివే విద్యార్థికి అనువాదకళలోని మర్మం ఒక్క మధ్యాహ్నంలో బోధపడుతుంది. నారాయణదాసు ఎంతో శ్రమించి చేసిన పనిలో మొదటి మెట్టు అది.

ఇట్టి పాఠభేదం మన ఇంటి గ్రంథంలోనూ ఉన్నది. ‘కన్యాశుల్కం’ 1892లో విజయనగరంలో ప్రదర్శితమై, 1897లో అచ్చయినది. దానికి గురజాడ ఆంగ్లంలో పీఠిక వ్రాశాడు. 1909లో వెలువడిన రెండవ కూర్పు దాదాపు కొత్త నాటకం. మనం నేడు చదివేది ఈ రెండవదే. రెండు కూర్పులను పోల్చి చూడటం ఆంగ్ల పండితులు ‘లియర్’కు చేసిన సేవవంటిదే. ఆ పద్ధతిని ఆంగ్ల విభాగంలో నేర్చి తెలుగుకు వినియోగించడం మన విద్యార్థులకు అసాధ్యం కాదు.

ఐతే ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. యంత్రం పాత పుటను చూసి అక్షరాలను గుర్తించేటప్పుడు పొరబడుతుంది. పాత ఆంగ్ల ముద్రణలో ‘ఎస్’ అక్షరం పొడవుగా ఉండి ‘ఎఫ్’ను పోలి ఉంటుంది, యంత్రం ఒకదానిని మరొకటిగా చదువుతుంది. సంపాదకుని పేరు, కూర్పు సంవత్సరం లేని ప్రతులు అంతర్జాలంలో కొల్లలు. పుస్తకం తెరచినప్పుడు మొదట ముఖపత్రం చూసే అలవాటు ఈ కాలంలో మరింత అవసరం.

లెక్కించే విమర్శ

డిజిటల్ సాంకేతికత తెచ్చిన మరొక మార్పు విమర్శకు సంబంధించినది. ఒక కవి ఒక పదాన్ని ఎక్కడెక్కడ వాడాడో తెలిపే పదసూచికలను పూర్వం చేతితో తయారు చేసేవారు. షేక్స్‌పియర్ నాటకాలకు అట్టి సూచికను సిద్ధపరచడానికి మేరీ కౌడెన్ క్లార్క్ అనే విదుషీమణికి పన్నెండేళ్లు పట్టినది; అది 1845లో వెలువడినది. 1949లో ఇటలీకి చెందిన రోబెర్టో బూసా అనే క్రైస్తవ మతాచార్యుడు థామస్ అక్వినాస్ లాటిన్ రచనల పదసూచిక కొరకు ఐ.బి.ఎం. సంస్థ యంత్రాల సహాయం తీసుకొన్నాడు. నేడు ఏ విద్యార్థి అయినా ఒక పదాన్ని టైపు చేసి, క్షణంలో ఆ ఫలితాన్ని పొందగలడు.

1987లో జాన్ బరోస్ అనే ఆస్ట్రేలియా పండితుడు జేన్ ఆస్టెన్ నవలలను కంప్యూటరుతో పరిశీలించి, అతి సామాన్యమైన చిన్న చిన్న పదాల వాడుకలోనే ఒక్కొక్క పాత్ర మాటతీరు వేరుపడుతున్నదని నిరూపించాడు. 2016లో వెలువడిన ‘న్యూ ఆక్స్‌ఫర్డ్ షేక్స్‌పియర్’ సంపాదకులు, ఇట్టి గణనలను కూడా ఆధారం చేసుకొని, ‘ఆరవ హెన్రీ’ మూడు భాగాలలోను క్రిస్టఫర్ మార్లో పేరును సహరచయితగా చేర్చారు. ఆ నిర్ణయాన్ని అంగీకరించని పండితులూ ఉన్నారు.

ఈ విమర్శ ఉపయోగం మనం తిరస్కరించరాదు. దాని పరిమితిని మరువరాదు. ‘లియర్’లో ‘ఏమీలేదు’ అనే అర్థమిచ్చే పదం ఎన్నిసార్లు వచ్చినదో యంత్రం చెప్పగలదు. కన్నకూతురు నోట ఆ మాట విన్న ముసలి తండ్రి గుండె ఏమైనదో చెప్పవలసినది పాఠకుడే. సంఖ్య ప్రశ్నను పుట్టిస్తుంది. సమాధానం పఠనంలోనే దొరుకుతుంది.

సృజనలో మార్పు

రచన స్వరూపం కూడా మారుతున్నది. 1836–37లో డికెన్స్ ‘పిక్‌విక్ పేపర్స్’ నెలనెలా భాగాలుగా వెలువడటం వలన ఆంగ్ల నవల నడకే మారినది. చవక కాగితం, వేగమైన ముద్రణ ఆనాటి సాంకేతికత. మన కాలంలో కంప్యూటరు కూడా అట్లే కొత్త రూపాలను తెచ్చినది. 1987లో మైకేల్ జాయిస్ రచించిన ‘ఆఫ్టర్‌నూన్’ అనే కథలో పాఠకుడు ఏ పదాన్ని ఎన్నుకొంటే కథ ఆ దారిన సాగుతుంది. ఇద్దరు పాఠకులు చదివినది ఒకే కథ కాకపోవచ్చును. 2007లో అమెజాన్ సంస్థ కిండిల్ పరికరాన్ని విడుదల చేసిన తరువాత ప్రచురణకర్త లేకుండానే రచయిత పాఠకుని చేరే దారి విశాలమైనది.

2022 నవంబరులో ‘చాట్‌జీపీటీ’ వెలువడటంతో వ్రాసేది ఎవరన్న ప్రశ్నే తలెత్తినది. అడిగినంతనే యంత్రం ఆంగ్లంలో పద్యం, కథ, వ్యాసం అల్లి ఇస్తున్నది. 2023 ఫిబ్రవరిలో ‘క్లార్క్స్‌వరల్డ్’ అనే అమెరికా కథాపత్రికకు యంత్రాలు అల్లిన కథలు వరదవలె వచ్చిపడగా, సంపాదకుడు కొంతకాలం రచనల స్వీకారాన్నే నిలిపివేయవలసి వచ్చినది. నిజాయితీగా వ్రాసిన కొత్త రచయిత కథ ఆ వరదలో మునిగిపోవడమే ఇందులోని అసలు నష్టం.

మన భాషల స్థితి

కంప్యూటరుకు అక్షరం తెలియదు. అంకె మాత్రమే తెలుసు. ప్రతి అక్షరానికి ఒక సంఖ్య కేటాయిస్తేనే అది యంత్రంలో నిలుస్తుంది. 1991లో వెలువడిన ‘యూనికోడ్’ ప్రమాణం లోకంలోని లిపులకు ఒకే పట్టికలో చోటు కల్పించడం ఆరంభించినది. అందులో ఆంగ్లపు పెద్ద ‘ఏ’ అక్షరం సంఖ్య 65. ఉర్దూ ‘అలిఫ్’ 1575. తెలుగు ‘అ’ 3077. పట్టికలో ముగ్గురూ ఇరుగుపొరుగులే. సవర భాషకు 1936లో మంగేయి గొమాంగో రూపొందించిన సోరంగ్ సోంపెంగ్ లిపికి సైతం 2012లో అందులో స్థానం లభించినది. గిడుగువారి ఆత్మ ఇందుకు సంతోషించి ఉండాలి.

ఉర్దూ పడిన కష్టం ప్రత్యేకమైనది. నస్తాలీఖ్ లిపిలో అక్షరం తన పక్కవాటిని బట్టి రూపం మార్చుకొంటూ ఏటవాలుగా దిగుతుంది. విడి అచ్చు అక్షరాలకు అది లొంగలేదు. అందువలననే కాతిబ్ తన కలంతో పుట వ్రాయగా, దానిని శిలాముద్రణలో అచ్చు వేసే పద్ధతి ఎంతో కాలం సాగినది. 1981లో మిర్జా అహ్మద్ జమీల్ కృషితో ‘నూరీ నస్తాలీఖ్’ వెలువడి, ఆ అందమైన లిపి కంప్యూటరులోకి ప్రవేశించినది. 2013లో ఆరంభమైన ‘రేఖ్తా’ నేడు ఉర్దూ కవిత్వాన్ని ఉర్దూ, దేవనాగరి, రోమన్ లిపులలో అందిస్తున్నది.

ఐనప్పటికీ ఒక అంతరం మిగిలే ఉన్నది. ఆంగ్ల గ్రంథాలు అసంఖ్యాకంగా వెతకదగిన అక్షరాలుగా మారాయి. పాత తెలుగు, ఉర్దూ గ్రంథాలలో అధికభాగం కేవలం పుటల ఛాయాచిత్రాలుగానే ఉన్నాయి. ఛాయాచిత్రంలోని మాటను యంత్రం వెతకలేదు. వెతికినా దొరకనిది లేనిదానితో సమానమవుతున్నది. ‘నవరస తరంగిణి’ వంటి గ్రంథం అక్షరరూపం పొంది, దానికి ఆంగ్లంలో ఒక పరిచయం తోడైతే, షేక్స్‌పియర్‌పై లోకంలో ఎక్కడ పరిశోధన చేసేవారికైనా విజయనగరం మాట వినబడుతుంది. అది జరగనంత కాలం ప్రవాహం ఒకే వైపు సాగుతుంది: ఆంగ్లం మన ఊరికి వస్తుంది, మన ఊరు ఆంగ్ల లోకానికి పోదు.

ఈ విషయంలో శ్రీకాకుళం మనకు మార్గం చూపినది. కథకుడు కాళీపట్నం రామారావు 1997 ఫిబ్రవరి 22న అక్కడ ‘కథానిలయం’ స్థాపించి, తెలుగు కథ అచ్చయిన పత్రికలను, సంపుటాలను ఊరూరా తిరిగి సేకరించాడు. ఆ సంపద పట్టికలు, అనేక కథల ప్రతిబింబాలు నేడు అంతర్జాలంలో లభిస్తున్నాయి. మొదట ఒక మనిషి పుస్తకాన్ని ప్రేమించి దాచాడు. యంత్రం తరువాత వచ్చినది. ఈ వరుసను మనం తలక్రిందులు చేయరాదు.

గిరీశమా, గురజాడా?

‘కన్యాశుల్కం’లో ఒక ఘట్టం ఉన్నది. కొడుకు ఇంగ్లీషు చదువు ఎంతవరకు వచ్చినదో వినాలని తల్లి వెంకమ్మ ముచ్చటపడుతుంది. గిరీశం, వెంకటేశం ఇంగ్లీషులో సంభాషిస్తున్నట్లు నటిస్తూ, చిన్నపిల్లల గేయాన్నీ పాఠ్యపుస్తకాల ముక్కలనూ ఒకరికొకరు అప్పజెప్పుకొంటారు. మాటలున్నాయి, అర్థం లేదు. ఆ తల్లి మాత్రం మురిసిపోతుంది. యంత్రం అల్లి ఇచ్చిన వ్యాసంపై తన పేరు వ్రాసి గురువుకు సమర్పించే విద్యార్థి ఆడేది ఈ నాటకమే. చదవని కవి పేరుతో ఫోనులో సూక్తులు పంచేవారిదీ ఇదే దారి. గిరీశానికి ఆ పాత్ర పోషించడానికి కొంత జ్ఞాపకశక్తి అయినా అవసరమైనది. నేటివారికి అదీ అక్కరలేదు.

గిరీశాన్ని సృష్టించిన గురజాడ కూడా ఆ ఆంగ్లమే చదివాడు. ఒకే భాష, ఒకే కాలం. ఒకరికి ఆంగ్లం వేషం, మరొకరికి దృష్టి. భేదం గ్రంథంలో లేదు, చదివే తీరులో ఉన్నది. డిజిటల్ సాంకేతికత గిరీశాలకూ గురజాడలకూ సమానంగా తలుపు తెరచినది. ఎవరు ఎక్కువమంది లోపలికి వెళతారన్నది మన తరగతి గదులలో నిర్ణయమవుతుంది.

కనుక విద్యార్థి మిత్రులకు కొన్ని సూచనలు. ఒక పద్యాన్ని తెరమీద చూసినప్పుడు అది ఏ కూర్పులోనిదో తెలుసుకొనండి. వెతికి దొరకిన పంక్తితో ఆగక, దాని ముందు వెనుక ఒక పుట అయినా చదవండి. యంత్రాన్ని అడగదలచినచో, మొదట మీ అభిప్రాయం మీ మాటలలో కాగితంపై వ్రాసి, తరువాత అడగండి. అప్పుడది మీతో వాదించే సహాధ్యాయి అవుతుంది, మీ బదులు పరీక్ష వ్రాసే అపరిచితుడు కాదు. ఏడాదికి ఒక్క పాత తెలుగు లేక ఉర్దూ రచననైనా, హక్కుల కాలం తీరినదానిని, తప్పులు లేకుండా టైపు చేసి అందరికీ అందుబాటులో ఉంచండి. ఉర్దూ తెలిసినవారు, తెలుగు తెలిసినవారు ఇద్దరిద్దరుగా కూర్చొని ఒక ఖయ్యాం రుబాయీని, ఫిట్జెరాల్డ్ అనువాదాన్ని, నారాయణదాసు పద్యాన్ని కలిపి చదవండి.

ఆదిభట్లవారికి నాలుగు భాషలను కలపడానికి తన మేధ, తన తీరిక, తన బల్లమీద ఉన్న కొద్ది గ్రంథాలు మాత్రమే ఉండేవి. మనకు గ్రంథాల కొరత లేదు. లిపుల అడ్డు లేదు. కొరతగా మిగిలినది ఓర్పుతో కూడిన పఠనం ఒక్కటే. దానిని ఏ యంత్రమూ తయారుచేసి పంపదు. దానిని సంపాదించుకొన్న విద్యార్థికి మాత్రం ఈ యంత్రాలన్నీ చేతి కిందికి వచ్చిన మంచి పనిముట్లు అవుతాయి.